లెక్కలోకి రాని గాలి

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వణుకుతుంది. ఆర్‌పీఎం ముల్లు ఒకచోట నిలవదు. వేగం అందుకున్నాక బండి మామూలుగానే పోతుంది గానీ, చెక్ ఇంజన్ లైటు మాత్రం ఆరదు. పెట్రోలు పికప్ ట్రక్కులో ఇవన్నీ కలిసి కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది వాక్యూమ్ లీకునే. చాలాసార్లు ఒక రబ్బరు గొట్టం మారిస్తే సరిపోతుంది. లీకు ఎక్కడుందో తేల్చుకోకుండా ప్లగ్గులు, కాయిళ్లు, సెన్సర్లు వరసగా మార్చుకుంటూ పోతేనే జేబుకు చిల్లు. అందుకే ముందు కొలవాలి, తర్వాతే కొనాలి.

పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని లాక్కుంటుంది. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి, దాని వెనకున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం బాగా పడిపోతుంది. అదే వాక్యూమ్. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లలో, మంచి ఇంజన్‌లో ఐడిల్‌లో ఇది సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు అంగుళం తగ్గుతుంది. బ్రేకు బూస్టరు, ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు ఈ వాక్యూమ్ మీదే పనిచేస్తాయి. వాటి గొట్టం చీలినా, మానిఫోల్డ్ గాస్కెట్ ఎండిపోయినా బయటి గాలి అడ్డదారిన లోపలికి దూరుతుంది.

సక్రమంగా వచ్చే గాలిని ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉండే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొలుస్తుంది. బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అన్న లెక్కన కంప్యూటర్ ఇంధనం వదులుతుంది. అడ్డదారి గాలి ఈ లెక్కలో ఉండదు, మిశ్రమం పలచబడుతుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి పసిగట్టగానే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. పెంచీ పెంచీ హద్దుకు చేరితే పి0171, పి0174 కోడ్లు నమోదవుతాయి. చాలామంది ఇక్కడే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. పాపం, అది ఉన్నమాటే చెబుతోంది.

అమెరికాలో 1996 నుంచి అమ్ముడైన పెట్రోలు కార్లకు, చిన్న ట్రక్కులకు ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. మామూలు స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో ఆ అంకె చెబుతుంది. ఐడిల్‌లో +20 దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగివస్తే అది వాక్యూమ్ లీకు లక్షణం. ఐడిల్‌లో ఇంజన్ పీల్చేదే తక్కువ గనక దొంగగాలి వాటా పెద్దది. థ్రాటిల్ తెరిస్తే అసలు గాలి పెరిగి ఆ వాటా చిన్నదవుతుంది. లోడు పెరిగేకొద్దీ అంకె కూడా పెరుగుతుంటే చూడాల్సింది ఫ్యూయల్ పంపునో, మురికిపట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్‌నో.

వీ8 ఇంజన్‌లో పి0171 ఒక వరస సిలిండర్లకు, పి0174 రెండో వరసకు. రెండూ వస్తే లీకు ఉమ్మడి దారిలో ఉండొచ్చు. ఒకటే వస్తే ఆ వైపు గాస్కెట్‌ను అనుమానించాలి.

1997-2003 నాటి ఫోర్డ్ ఎఫ్-150 వీ8లలో ఇలాంటి లీకు బాగా ఎరుకైనదే. థ్రాటిల్ బాడీ వెనక పీసీవీ గొట్టానికి రబ్బరు మోచేతి వంపు ఒకటి ఉంటుంది. నూనె ఆవిరికి, వేడికి అది మెత్తబడి అడుగు వైపు చీలుతుంది. పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. ఇంజన్ ఆపి, చల్లారాక చిన్న అద్దం, టార్చి పట్టుకుని కింద వైపు చూడాలి, వేలితో తడిమి చూడాలి.

అక్కడ దొరక్కపోతే ఇంజన్ స్టార్ట్ చేసి చెవి పెట్టండి, బుస్సుమనే శబ్దం దారి చూపిస్తుంది. సన్న గొట్టాలను ఒక్కొక్కటిగా ప్లయర్‌తో మెత్తగా నొక్కండి. ఏది నొక్కితే ఐడిల్ కుదుటపడుతుందో లీకు ఆ దారిలోనే ఉంది. ఫ్యాన్‌కు, బెల్టులకు చేతులు దూరంగా ఉంచండి. కార్బ్ క్లీనర్ చల్లి చూసే పద్ధతి ఒకటుంది గానీ, వేడి ఇంజన్ మీద అది అంటుకుంటుంది, వద్దు. అన్నిటికన్నా నమ్మకమైనది స్మోక్ టెస్ట్. ఇంజన్ ఆపి, అతితక్కువ ఒత్తిడితో పొగ పంపిస్తే చీలిక దగ్గర బయటికి వస్తుంది.

టేపు, సిలికాన్ పూత నిలవవు. అదే కొలత గొట్టం వేయాలి. పీసీవీకి నూనెను తట్టుకునే రకమే కావాలి. గాస్కెట్ మారిస్తే పాతది పూర్తిగా గీకి, కంపెనీ చెప్పిన వరసలో, టార్క్ రెంచితో బోల్టులు బిగించాలి.

మన దగ్గర తిరిగే పికప్పుల్లో ఎక్కువ డీజిల్‌వి. వాటిలో బ్రేకు వాక్యూమ్‌కు వేరే పంపు ఉంటుంది. అక్కడ లీకైతే బ్రేకు పెడల్ గట్టిపడుతుంది. పెట్రోలు బండైనా, డీజిలైనా పెడల్ గట్టిపడితే ఆ రిపేరు వాయిదా వేయకండి, బండి తీయకండి.

వణుకు ఆగినంత మాత్రాన పని అయిపోలేదు. కోడ్లు చెరిపి, కొన్నిరోజులు నడిపి, మళ్లీ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడిల్‌లోనూ 2500లోనూ అంకె సున్నాకు దగ్గరగా ఉంటే రిపేరు కుదిరినట్టు. ఇంకా ఎక్కువ చూపిస్తుంటే మరో చీలిక మిగిలి ఉండొచ్చు, వెతుకులాట ఆపకండి.