వ్యోమనౌక పరీక్ష విఫలమైనప్పుడు నేలపై చేపట్టవలసిన రక్షణ చర్యలు

(ప్రత్యేక వ్యాసం)

మానవుని అంతరిక్షంలోకి చేర్చే వాహనాల రూపకల్పనలో పరీక్షా ప్రయాణాలు అనివార్యం. వాటిలో కొన్ని విఫలం కావడమూ సహజమే. అటువంటి సమయంలో అగ్నిమాపక, వైద్య, పోలీసు సిబ్బంది ఎంత వేగంగా బయలుదేరారన్నది ముఖ్యమే. అయితే వాహనం నేలను విడిచే సమయానికి వారు ఎక్కడ, ఏ సామగ్రితో సిద్ధంగా ఉన్నారన్నది అంతకంటే ముఖ్యం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2014లో జరిగిన ప్రమాదం ఇందుకు నిదర్శనం.

మొహావీ ఎడారిలో ప్రమాదం

వర్జిన్ గెలాక్టిక్ సంస్థ కోసం స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ నిర్మించిన 'స్పేస్‌షిప్ టూ' వ్యోమనౌకను 2014 అక్టోబరు 31న కెర్న్ కౌంటీలోని మొహావీ ఎడారిపై పరీక్షించారు. వాహక విమానం దీనిని సుమారు 46 వేల అడుగుల ఎత్తున విడిచిపెట్టింది. రాకెట్ ఇంజను మండడం ప్రారంభమైన కొద్ది క్షణాలకే, అంటే విమానం నుంచి విడివడిన సుమారు 13 సెకన్లకు, వ్యోమనౌక గాలిలోనే ముక్కలైంది. సహ పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ మృతిచెందారు. పైలట్ పీటర్ సీబోల్డ్ పారాచూట్ దానంతటదే తెరుచుకోవడంతో ఆయన తీవ్రగాయాలతో ప్రాణాలు దక్కించుకున్నారు.

ప్రధాన శకలాలు సుమారు 8 కిలోమీటర్ల పొడవునా చెల్లాచెదురయ్యాయి. తేలికపాటి ముక్కలు కొన్ని 50 కిలోమీటర్లకు పైగా దూరంలోనూ లభించాయి. విమానాశ్రయంలో జరిగే ప్రమాదంలో స్థలం ముందే తెలిసి ఉంటుంది. ఇక్కడ గాయపడిన వ్యక్తి ఎక్కడ దిగాడో ముందుగా వెతకవలసి వచ్చింది. దారులు అంతగా లేని ఎడారిలో ఈ పనికి హెలికాప్టర్ల ఆవశ్యకత ఎంతటిదో చెప్పనక్కరలేదు.

శకలాలలో పొంచి ఉండే ముప్పు

ఇంజను పేలి ఉంటుందని తొలుత పలువురు భావించారు. కానీ ఇంధన, ఆక్సీకరణి ట్యాంకులు, ఇంజను చెక్కుచెదరకుండా లభించినట్లు దర్యాప్తు అధికారులు వెల్లడించారు. సహాయక సిబ్బంది దృష్టిలో ఇది మరో హెచ్చరిక. పగలని ట్యాంకులో వాయువు మిగిలి ఉండే అవకాశం ఉంటుంది.

ఈ వ్యోమనౌకలో ఆక్సీకరణిగా వాడిన నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. కానీ మంటకు కావలసిన ప్రాణవాయువును అందిస్తుంది. వేడికి గాని, మలినాల స్పర్శకు గాని గురైతే విస్ఫోటం చెందగలదు. మొహావీలోనే 2007 జులై 26న ఇంజను మండించకుండా ఈ వాయువు ప్రవాహాన్ని మాత్రమే పరీక్షిస్తుండగా సంభవించిన పేలుడులో ముగ్గురు మరణించారు, మరో ముగ్గురు గాయపడ్డారు. ప్రాణవాయువు ఇంధనంతోపాటే ఉన్నప్పుడు గాలి తగలకుండా నురగ కప్పి మంటను ఆర్పే పద్ధతి ఫలించదు. సురక్షిత దూరం నుంచి నీటితో ట్యాంకులను చల్లబరచడం, ప్రజలను దూరంగా తరలించడం ప్రధాన కర్తవ్యాలవుతాయి.

కాలిన కార్బన్ ఫైబర్ నుంచి వెలువడే సూక్ష్మమైన నూగు ఊపిరితిత్తులకు హానికరం. అందువల్ల సిబ్బంది గాలివాలుకు ఎగువ నుంచి సమీపించాలి, శ్వాస పరికరాలు ధరించాలి. క్షతగాత్రుల రక్షణకు తప్ప మరే కారణం చేతనూ శకలాలను కదల్చరాదు. ప్రమాద కారణాన్ని చెప్పగల సాక్ష్యాలు అవే.

దర్యాప్తు చెప్పిన పాఠం

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2015 జులైలో తన నిర్ణయాలను ప్రకటించింది. అవరోహణ సమయంలో తోకభాగాన్ని పైకి మడిచే యంత్రాంగం తాళాన్ని ధ్వనివేగానికి 1.4 రెట్ల వేగం వద్ద తీయవలసి ఉండగా, సుమారు 0.8 రెట్ల వద్దనే తీయడంతో వ్యోమనౌక విచ్ఛిన్నమైందని తేల్చింది. ఒక్క మానవ పొరపాటు ఇంతటి విపత్తుకు దారితీయవచ్చని నిర్మాణ సంస్థ పరిగణించకపోవడాన్ని ప్రధాన లోపంగా ఎత్తిచూపింది.

సహాయక చర్యలనూ మండలి సమీక్షించింది. అందుబాటులో ఉన్న హెలికాప్టర్లను మరింత మెరుగుగా వినియోగించుకోవచ్చునని అభిప్రాయపడింది. ప్రయాణ సమయంలో హెలికాప్టర్లు, ఇతర వనరులు తగిన చోట మోహరించి ఉండేలా స్థానిక అత్యవసర సేవలతో కలిసి ప్రణాళికలను సవరించుకోవాలని వాణిజ్య అంతరిక్ష సంస్థలకు సూచించేలా సిఫారసు చేసింది.

శ్రీహరికోటకూ వర్తించే సూత్రం

ఈ పాఠం మన రాష్ట్రానికీ సన్నిహితమైనదే. శ్రీహరికోటలో 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు అసువులు బాశారు. రాకెట్ నేలపై ఉన్నప్పుడు సైతం ముప్పు తక్కువేమీ కాదని ఆ దుర్ఘటన చాటింది. గగన్‌యాన్ కార్యక్రమంలో భాగంగా 2023 అక్టోబరు 21న ఇక్కడి నుంచి వ్యోమగాముల రక్షణ వ్యవస్థను మనుషులు లేకుండా పరీక్షించినప్పుడు, సముద్రంలో దిగిన మాడ్యూల్‌ను భారత నౌకాదళం వెలికితీసింది. నౌకాదళ సిబ్బందిని ముందుగానే సముద్రంలో సిద్ధంగా ఉంచడం మొహావీ పాఠానికి అనుగుణమైన ఏర్పాటు.

ప్రజల సహకారమూ ఇందులో అంతర్భాగమే. ప్రయోగ సమయాల్లో మత్స్యకారులు నిషేధిత సముద్ర ప్రాంతంలోకి వెళ్లరాదు. తీరానికి కొట్టుకువచ్చిన గుర్తుతెలియని లోహపు శకలాలను, సిలిండర్లను తాకకుండా, ఇళ్లకు తీసుకువెళ్లకుండా వెంటనే సమీప పోలీసులకు తెలియజేయాలి. ఆపద వేళ గడిచే ప్రతి నిమిషమూ విలువైనదే; ఆ నిమిషాలను ఆదా చేసేది ముందుచూపే.