పాత రివాల్వర్ చరిత్ర చెప్పేది దానిపైనున్న అంకెలే

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉపాధి కోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు అనేకం తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. అటువంటి పాత రైల్వే పట్టణాల్లో పూర్వీకుల పెట్టెలో బ్రిటిష్ కాలపు రివాల్వరో, పిస్తోలో బయటపడితే ముందుగా తలెత్తే ప్రశ్నలు మూడు. అది ఏది? ఎప్పటిది? దానిని ఇంట్లో ఉంచుకోవచ్చా?

గుర్తించడం ఎలా?

గుండ్రంగా తిరిగే తూటాల గది ఉంటే రివాల్వర్, లేకుంటే పిస్తోలు. గొట్టం ముందుకు వంగి తెరుచుకునే బ్రిటిష్ రివాల్వర్లలో వెబ్లీ ప్రసిద్ధమైనది. దాని తొలి సైనిక నమూనా 1887లో, ఆరవ నమూనా 1915లో ఆమోదం పొందాయి. 1932లో ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ వచ్చింది. సైన్యానికి తయారైన వాటిపై సాధారణంగా నమూనా సంఖ్య, తయారీ సంవత్సరం చెక్కి ఉంటాయి. సంవత్సరం లేనిచోట పరీక్షా ముద్రలు ఆధారమవుతాయి. కిరీటం కింద ‘ఎన్‌పీ’ అక్షరాలుంటే, పొగరాని మందుకు బర్మింగ్‌హామ్‌లో పరీక్షించారని అర్థం. ఈ ముద్ర 1904 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే పాత ఆయుధాన్ని తరువాత మళ్లీ పరీక్షించే అవకాశమూ ఉన్నందున ఒక్క ముద్రతోనే నిర్ణయానికి రాకూడదు.

సంఖ్యే సాక్ష్యం

1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీకి చెందిన 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి చిక్కాయి. ప్రతి పిస్తోలు సంఖ్యను కంపెనీ నమోదు చేసి ఉంచింది. అందువల్లనే తరువాత పట్టుబడిన ఆయుధం ఆ సరుకులోనిదా, కాదా అన్నది తేల్చగలిగారు. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం వాటిలో 31 తిరిగి దొరికాయి. ఖరగ్‌పూర్ నుంచి మద్రాసు వైపు సాగే రైలు మార్గంలోని బాలాసోర్ సమీపంలో 1915 సెప్టెంబరులో బాఘా జతిన్ బృందం పోలీసులను ఎదుర్కొన్నదీ మౌజర్లతోనే.

విలువ దేనిని బట్టి?

తొలినాటి మెరుగు చెరగకపోవడం, వేర్వేరు భాగాలపై సంఖ్యలు ఒకటే కావడం, యజమానిని తెలిపే పత్రాలుండడం విలువను పెంచుతాయి. తుప్పు వదిలించేందుకు గీకడం, సానపట్టడం విలువను తగ్గిస్తాయి. పైగా గుర్తింపు సంఖ్యను చెరపడం, మార్చడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నిషిద్ధం.

చట్టం ఏమంటోంది?

పాతదైనంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదనుకోవడం పొరపాటు. 1959 నాటి చట్టంలోని 45వ సెక్షన్, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకే మినహాయింపునిస్తుంది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవీ ఈ పరిమితిలోకే వస్తాయి. వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి చట్టం నిషేధిస్తోంది.

కాబట్టి ఆయుధం బయటపడితే మీట నొక్కి చూడకుండా, తూటా ఉన్నదనే భావించి, స్థానిక పోలీసులకు తెలియజేయడమే శ్రేయస్కరం. వెల కట్టించడం ఆ తరువాతి మాట.