పరమాణువుకు నికర ఆవేశం ఎందుకు ఉండదు?

‘పరమాణువులో విద్యుదావేశం ఉండదు’ అని విద్యార్థులు జవాబు పత్రాల్లో తరచుగా రాస్తుంటారు. ఇది సరికాదు. పరమాణువులో ఆవేశం ఉంటుంది. నికర ఆవేశం మాత్రమే సున్న. ఈ భేదాన్ని సోడియం ఉదాహరణతో పరిశీలిద్దాం.

సోడియం పరమాణు సంఖ్య 11. దాని కేంద్రకంలో 11 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు ఉంటాయి. కేంద్రకం చుట్టూ 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక ప్రోటాన్ ఆవేశం +1.602 × 10⁻¹⁹ కూలంబులు. ఎలక్ట్రాన్ ఆవేశం పరిమాణంలో అంతే, గుర్తు మాత్రం ఋణం. కాబట్టి,

(+11) + (−11) = 0

ఈ సున్న వెనుక ఉన్న ఆవేశం స్వల్పమేమీ కాదు. 23 గ్రాముల సోడియంలోని ఎలక్ట్రాన్లన్నిటి ఆవేశం సుమారు 10.6 లక్షల కూలంబులు. ఒక సాధారణ పిడుగు నేలకు చేర్చేది కొన్ని పదుల కూలంబులకు మించదు. అయినా సోడియం ముక్క ఆవేశం లేని వస్తువులాగే కనిపిస్తుంది. కారణం, అంతే ధనావేశం కేంద్రకాల్లో ఉండటం.

మరి ఈ సంఖ్యలు సమానంగా ఎందుకు ఉంటాయి? ఒక ఎలక్ట్రాన్ తక్కువైతే పరమాణువుకు ధనావేశం మిగులుతుంది. అది దగ్గరలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది. లోటు తీరగానే దూరం వరకు పనిచేసే ఆ ఆకర్షణ దాదాపు పోతుంది.

తటస్థతకు న్యూట్రాన్లే కారణమని కొందరు భావిస్తారు. న్యూట్రాన్‌ను చాడ్విక్ 1932లో కనుగొన్నారు. దానికి ఆవేశం లేదు కాబట్టి పై లెక్కలో దానికి పాత్ర లేదు. సాధారణ హైడ్రోజన్ పరమాణువులో న్యూట్రానే లేదు; అయినా అది తటస్థమే.

ఈ సమానత్వం చెదిరితే అయాన్ ఏర్పడుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడుల్లో తయారయ్యే ఉప్పునే తీసుకోండి. అందులోని సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి 11 ప్రోటాన్లు, 10 ఎలక్ట్రాన్లతో +1 అయాన్‌గా ఉంటుంది. క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహించి 17 ప్రోటాన్లు, 18 ఎలక్ట్రాన్లతో −1 అయాన్‌గా ఉంటుంది. రెండు రకాల అయాన్లూ సమాన సంఖ్యలో ఉండటం వల్ల ఉప్పు కల్లు మొత్తంగా తటస్థమే. నీటిలో కరిగినప్పుడు మాత్రం ఈ అయాన్లు విడివడి, విద్యుత్తును ప్రసరింపజేస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మెగ్నీషియం పరమాణు సంఖ్య 12. +2 ఆవేశం గల మెగ్నీషియం అయాన్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయి?

జవాబు: 10. ప్రోటాన్ల సంఖ్య మారదు. రెండు ఎలక్ట్రాన్లు తగ్గాయి.