రీఫ్ ట్యాంక్‌లో నాచుకి ఏ నత్త వేయాలి?

ముందు నా తప్పు చెప్తా. షాపులో "నాచు మొత్తం తినేస్తాయి" అన్నారని పది నసేరియస్ నత్తలు తెచ్చా. అవి నాచు ముట్టనే ముట్టవు. ఇసుకలో దాక్కుని, మేత వాసన తగిలితే పైకొచ్చి చేపలు వదిలేసింది తింటాయి, అంతే.

అద్దం మీద, రాళ్ల మీద పట్టే పల్చటి నాచుకి నా ఓటు ట్రోకస్‌కే. ఆస్ట్రియా కూడా బాగానే తింటుంది. కానీ ఇసుకలో వెల్లకిలా పడితే చాలాసార్లు తిరగలేదు, మనం చూసి లేపకపోతే పోయినట్టే. ట్రోకస్ తనంతట తనే తిరుగుతుంది. రోజంతా ఆఫీసులో ఉండేవాళ్లకి ఇదే పెద్ద ప్లస్.

జుట్టులా పెరిగిన నాచుకైతే మెక్సికన్ టర్బో. బుల్డోజరే! సరిగ్గా అతికించని కోరల్స్‌ని కూడా తోసేస్తుంది. పైగా దానికి కాస్త చల్లటి నీళ్లు కావాలి, మన ఎండల్లో ట్యాంక్ వేడెక్కితే తట్టుకోలేదు. ఇసుక మీద నాచుకి సెరిత్ చాలు.

ఒకేసారి ఇరవై వేయకండి. నాచు అయిపోయాక ఆకలికి చచ్చి కుళ్లితే, అదే కొత్త నాచుకి ఎరువు. నాలుగైదుతో మొదలుపెట్టండి. ట్యాంక్‌లో కాపర్ మందు వాడి ఉంటే మాత్రం ఆగండి, నత్తలకి అది విషం.