పిల్లల పెడనడత – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

దోమకొండ ప్రాంతమున తల్లులు బీడీలు చుట్టుచు, తండ్రులు గల్ఫు దేశములకు పోయి, పిల్లలు అవ్వతాతల చెంత పెరుగుచున్న యిండ్లు అనేకము కలవు. తల్లిదండ్రులు ఇంట నున్న కుటుంబములును కలవు. ఏ యింటనైనను ఒక పిల్లవాడు తనకంటె చిన్నవారితో చేయరాని చేష్ట చేసినాడని తెలియవచ్చును. ఆ వార్త తరచుగా మొదట చేరునది పంచాయతీ సభ్యుని గడపకే.

పిల్లల ప్రతి చేష్టయు దోషము కాదు. మూడు నాలుగేండ్ల పసివారు శరీరమును గురించి అడుగుదురు, ఒకరి నొకరు చూచుకొందురు. మెల్లగా వారించి, మనసు వేరొక ఆటపైకి మరలించిన చాలును. అయితే వయసులోగాని, బలములోగాని పెద్ద తేడా యున్నను, బెదిరింపు, ఆశ చూపుట, రహస్యము దాచుమనుట యున్నను, వారించినను మానకున్నను, రెండవ బిడ్డ భయపడినను మనము మేలుకొనవలెను.

ఇట్టి పిల్లవాడు పుట్టుకతో దుష్టుడు కాడు. కొందరు తామే ఇట్టి బాధకు గురియైనవారు. కొందరు చేతిఫోనులో చూడరానివి చూచినవారు. కొందరు ఇంటిలో హింసను చూచి పెరిగినవారు. కేంద్ర ప్రభుత్వము 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి, 2007లో ప్రకటించిన నివేదికలో 53 శాతము మంది ఏదో యొక విధమైన లైంగిక వేధింపునకు గురియైనట్లు తెలిపిరి. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌ ఆ రాష్ట్రములలో నొకటి. కావున పిల్లవానికి ఆ నడత ఎక్కడ అంటెనో కూడ పరికింపవలెను. సకాలమున సహాయము లభించిన పిల్లలలో పెక్కుమంది మరల ఆ తప్పు చేయరు.

మొదట ఇరువురిని వేరుచేసి, పెద్దల కంటి ముందుంచవలెను. బాధపడిన బిడ్డ మాటను నమ్మి, వెంటనే వైద్యుని చెంతకు చేర్పవలెను. ఒక్కొక్కరు వచ్చి మరల మరల ప్రశ్నింపరాదు. తప్పుచేసిన పిల్లవానిని కొట్టరాదు, ఊరిలో పేరు చాటరాదు.

ఇక రచ్చబండపై రాజీ కుదుర్చుట ముమ్మాటికి తగదు. 2012 నాటి పోక్సో చట్టము ననుసరించి, పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను, దాచుటయు శిక్షార్హమే. పోలీసులకు చెప్పిన పిల్లవాని బ్రతుకు చెడునని కొందరు జంకుదురు. ఏడేండ్ల లోపు పిల్లల చేష్టను చట్టము నేరముగా నెంచదు. అంతకు పైబడి, 18 ఏండ్లు నిండనివారి సంగతిని 2015 నాటి చట్టము క్రింద బాలల న్యాయమండలి విచారించును. అందొక న్యాయాధికారియు, ఇరువురు సంఘసేవకులును ఉందురు. వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. పిల్లవానిని ఠాణా కొట్టడిలో నుంచరాదు. 1098కి ఫోను చేసిన పిల్లలకు రక్షణయు, 14416కి చేసిన మనోవైద్య సలహాయు ఉచితముగా లభించును.

గ్రామ పరువు కొరకు బిడ్డ కన్నీటిని కప్పిపుచ్చిన, ఆ నిప్పు రేపు మరియొక యింటికి అంటుకొనును. ఇరువురును మన బిడ్డలే. ఒకరికి రక్షణ, వేరొకరికి దిద్దుబాటు కల్పించుట పెద్దల ధర్మమని సభ్యులకు మనవి చేయుచున్నాము.