ఎండలో పాత అంబాసిడర్ ఎందుకు మొరాయిస్తుంది?

ట్యాంకులో పెట్రోలుంది. అయినా మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో పాత అంబాసిడర్ ఇంజను ఆగిపోయింది. కాస్త చల్లారాక మళ్లీ మామూలే! పైపులో చెత్త అడ్డుపడిందంటారా? చల్లారినంత మాత్రాన చెత్త పోదుగా! అనుమానం వేడి మీదికే పోవాలి. ఆ కారులో పెట్రోలును లాగే పంపు ఇంజనుకే అతుక్కుని ఉంటుంది. పెట్రోలులోని తేలిక భాగాలు నీళ్లకంటే చాలా తక్కువ వేడికే ఆవిరైపోతాయి. కొబ్బరిబొండంలో నీళ్లు అయిపోతే స్ట్రాలోకి గాలి వచ్చినట్టు, పంపుకి ఆవిరే అందుతుంది.

నిప్పురవ్వకు కరెంటునిచ్చే కాయిల్ కూడా వేడెక్కితే పనిచేయదేమో అని మీరు అడగొచ్చు. నిజమే, అదీ జరుగుతుంది. అందుకే మెకానిక్ ముందు నిప్పురవ్వ వస్తోందా అని చూస్తాడు. వస్తుంటే పంపుమీద తడిగుడ్డ వేస్తాడు. బండి కదిలిందా, దొంగ ఆవిరే! కొత్త పెట్రోలు కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోలును గట్టిగా ముందుకు నెడుతుంది కాబట్టి ఈ తంటా అరుదు.