ప్రయాణం ముందు పాడైనవి: ఏది ఇప్పుడు, ఏది తర్వాత?

ఈద్ సెలవులు దగ్గర పడ్డాయంటే మా మెసైమీర్‌లో మనవాళ్ల మాటలన్నీ రోడ్డు ప్రయాణం మీదే. కొందరు ఉమ్రాకు, కొందరు రియాద్‌లోనో దమ్మామ్‌లోనో ఉన్న అన్నదమ్ముల దగ్గరికి, ఇంకొందరు దుబాయికి. 2017 జూన్‌లో మూతపడ్డ అబూ సమ్రా సరిహద్దు 2021 జనవరిలో తెరుచుకున్నాక ఈ ప్రయాణాలు మళ్లీ మొదలయ్యాయి. చట్టం ప్రకారం ఒక్కో ఈద్‌కు మనకొచ్చేది జీతంతో మూడు రోజుల సెలవు. పక్కన శుక్రవారం కలిస్తే అదృష్టం. సరిగ్గా ఆ వారమే ఇంట్లో ఏసీ కారుతుంది, గీజర్ మొరాయిస్తుంది, కారు స్టార్ట్ కానంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఇది శకునం కాదు. ఏడాదంతా రూముకూ ఆఫీసుకూ మధ్య తిరిగే బండిని మనం పరీక్షగా చూసేది ప్రయాణం ముందే. లోపం అంతకుముందు నుంచే ఉంటుంది, కంటపడేది అప్పుడు.

మేం నలుగురం ఆఫీసు క్లర్కులం. ఉన్నది ఒకే రూము, ఒకే కారు. నిరుడు బక్రీద్‌కు రియాద్ వెళ్లాలనుకున్నాం. మాలో ఒకరు అక్కడున్న తమ్ముణ్ణి చూసి నాలుగేళ్లయింది. బయల్దేరడానికి రెండు రోజుల ముందు లెక్క చూస్తే ఏసీ కారుతోంది, గీజర్ స్విచ్ పడిపోతోంది, కారులో కూలెంట్ తగ్గుతోంది, వెనక టైర్లు రెండూ పగుళ్లు వేశాయి, వైపర్ కదలడం లేదు. అందరి జేబులూ దులిపితే తేలింది ఎనిమిది వందల రియాళ్లు.

కాగితం మీద రెండు గళ్లు గీశాం. "వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుందా? మనం ఊళ్లో లేనప్పుడు పెరుగుతుందా?" ఈ రెండిట్లో దేనికి అవునన్నా అది ఇప్పుడే చేయించాలి. రెండిటికీ కాదంటే వచ్చాక చూసుకోవాలి.

ఏసీ కారడం మాకు పైసా ఖర్చు కాలేదు. డ్రెయిన్ పైపులో దుమ్ము అడ్డుపడింది, ఊది శుభ్రం చేశాం. గీజర్ మెయిన్ స్విచ్ ఆపి వదిలేశాం. అద్దె ఇంటి మరమ్మతు, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, ఓనరు బాధ్యత. అందుకే తేదీ ఉండేలా మెసేజ్ పెట్టి వెళ్లాం. వైపర్ ఆగింది.

ఆగనివి టైర్లు, కూలెంట్. సనయ్యాలో మొదటి గ్యారేజీవాడు రేడియేటరే మార్చాలన్నాడు. రెండో చోట ప్రెషర్ పెట్టి చూస్తే చిన్న గొట్టం చిల్లు. తొందరలో ఉన్నవాడి మొహం చూస్తే రేటు పెరుగుతుంది. అందుకే రెండో మాట అడగందే డబ్బు తీయొద్దు. టైర్లు మాత్రం మర్నాటికి గానీ దొరకవన్నారు.

తమ్ముడున్నాయన "మెల్లగా పోదాంలే" అన్నాడు. ఆయన బాధ మాకు తెలియనిది కాదు. కానీ దోహా నుంచి అబూ సమ్రాకు సుమారు 100 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి హఫూఫ్‌కు మరో 150 దాకా, దాదాపు అంతా ఎడారే. 45 డిగ్రీల ఎండలో పగిలిన టైరుతో దిగడమంటే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే. ఒక రోజు ఆగాం. అన్నదమ్ములకు రెండు రోజులు దొరకాల్సింది ఒక్కరోజే దొరికింది. ఆ రోజు మాత్రం నలుగురం క్షేమంగా వాళ్లింట్లో అన్నం తిన్నాం.

మీరూ బయల్దేరేవాళ్లయితే ఇవి చూసుకోండి.

టైరు: పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాలి తక్కువుంటే టైరు మరింత వేడెక్కి పేలుతుంది. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం కొట్టించండి. స్టెప్నీని మరవద్దు.

రేడియేటర్: వేడి మీద మూత తీయొద్దు. లోపలి ఒత్తిడికి మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

బ్యాటరీ: ఎండ దాని ఆయుష్షు తినేస్తుంది. రెండేళ్లు దాటితే టెస్ట్ చేయించండి.

కాగితాలు: ఇస్తిమారా, ఇన్సూరెన్స్ గడువు చూడండి. కారు వేరేవాళ్ల పేరున ఉంటే అనుమతి పత్రం ఉండాలి. 2024 సెప్టెంబర్ 1 నుంచి ట్రాఫిక్ ఫైన్లు కట్టనిదే మనల్ని ఖతార్ దాటనివ్వడం లేదు. మెత్రాష్‌లో ముందే చూసుకోండి.

ఇల్లు: గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి, వాషింగ్ మెషిన్ నల్లా మూసేయండి. తాళంచెవి ఒకటి పక్క రూములో నమ్మకమైనవాళ్లకు ఇవ్వండి.

ఇవన్నీ పదిహేను రోజుల ముందే, ఒక శుక్రవారం కూర్చుని చూసుకుంటే గంట పని. జీతం పడ్డ వారమైతే ఇంకా మంచిది. ఏం పాడైనా బాగు చేయించడానికి చేతిలో డబ్బూ ఉంటుంది, రోజులూ ఉంటాయి.